పిన్ని చుట్టలో తారు

ఉక్కు ఊళ్ళో ఉద్యోగం చేసినవాణ్ణి నాలుగు ముక్కలు చెప్పమంటే కొలిమి మంటల గురించీ కరిగిన ఇనుము గురించీ చెబుతాడు. నేను చెప్పలేను. జంషెడ్‌పూర్‌లో సర్వీసంతా చేశానన్న మాటే కాని, కరిగిన ఇనుమును దగ్గరగా చూసింది ఎప్పుడో కొత్తలో. నా బతుకంతా తారుతోనే గడిచింది. బొగ్గును గాలి తగలకుండా పొయ్యిల్లో మగ్గబెడితే కోకు మిగులుతుంది, గ్యాసూ తారూ బయటికి వస్తాయి. ఆ తారు ఎలా ఉందో, పొయ్యిల మీద పనిచేసేవాళ్ళు పీల్చే గాలిలో అది ఎంత కలుస్తోందో చూసే లేబొరేటరీలో నేను కెమిస్టుని. సాయంత్రం ఇంటికెళ్ళి ఎంత సబ్బు అరగదీసినా మా ఆవిడ గుమ్మంలోనే ముక్కు మూసుకునేది. "వచ్చాడర్రా తారు దొర" అని పిల్లలతో అనేది.

ఇప్పుడు రిటైరై ఈ ఊళ్ళోనే బారిడీహ్‌లో కూర్చున్నాను. కొత్తగా లేబొరేటరీల్లో చేరిన మనవాళ్ళ పిల్లలు కొందరు ఆదివారాలు వస్తుంటారు. నేను తెలుగులో అడుగుతాను, వాళ్ళు హిందీలో జవాబు చెబుతారు, ఎవరికీ ఇబ్బంది లేదు. మొన్న ఒకడు, "అంకుల్, ఆప్‌కా సబ్‌సే బడా ఎక్స్‌పెరిమెంట్ కౌన్‌సా థా?" అన్నాడు. నవ్వొచ్చింది. పెద్ద ప్రయోగాలేవీ చేయలేదురా అబ్బాయ్. ఘోరంగా బెడిసికొట్టింది మాత్రం ఒకటుంది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది. అది మీకు చెబుతాను.

మా ప్లాంటు గేటు బయట క్యాంటీన్ ఉండేది. అందులో కాంట్రాక్టు మీద టీ కాచే ఆవిడది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు. తండ్రి పడవలు కట్టేవాడు. పెనిమిటి ఇక్కడికి పనికొస్తే వెంట వచ్చి సీతారాండేరా బస్తీలో కాపురం పెట్టింది. తెలుగువాళ్ళం మేం పిన్నీ అనేవాళ్ళం. మమ్మల్ని చూసి బీహారువాళ్ళూ, ఒడియావాళ్ళూ కూడా అదే ఆవిడ పేరనుకుని "పిన్నీ, ఏక్ చాయ్" అనేవారు. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. అరకప్పు అడిగితే కప్పు నిండా పోసేది.

పిన్నికి చుట్ట అలవాటు. మా వైపు ఆడవాళ్ళు చుట్ట కాల్చడం తెలిసినవాళ్ళకి తెలుసు, తెలియనివాళ్ళు ఒకసారి చూస్తే జన్మలో మరవరు. దాన్ని అడ్డపొగ అంటారు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెట్టుకుంటారు. పెదాల బయట చల్లటి కొస మాత్రమే కనబడుతుంది. ఒడ్డున గాలికి నిప్పు ఆరిపోకుండా, చేపల మీదా చంటిపిల్లల మీదా నుసి రాలకుండా పెద్దవాళ్ళు కనిపెట్టిన ఉపాయమట. అలా నోట్లో నిప్పు పెట్టుకునే పిన్ని టీ వడగట్టేది, మామీద కేకలేసేది, నవ్వేది కూడా. ఎలాగో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఒక ఏడు కాంట్రాక్టు పనివాళ్ళతో సహా అందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టారు. వచ్చిన డాక్టరు కుర్ర అమ్మాయి, హిందీ మనిషి. పిన్నిని, "సిగరెట్, బీడీ కుఛ్ పీతీ హో?" అని అడిగింది. పిన్ని "నహీ" అంది. అబద్ధం కాదర్రా! పిన్ని సిగరెట్టు ముట్టదు, బీడీ ముట్టదు. పైగా మా భాషలో సిగరెట్టు తాగుతారు, చుట్ట కాలుస్తారు. ఇంకో డాక్టరైతే అక్కడితో సరేనని పంపేసేవారు. ఈ అమ్మాయి నోరు తెరవమని టార్చి వేసి చూసింది. అంగిలంతా తెల్లగా, ఎండిన మడిలా నెర్రెలు విచ్చి ఉంది. మధ్యమధ్య ఎర్రటి చుక్కలు. ఏ అలవాటూ లేనిదానికి ఈ నోరేమిటని ఆ అమ్మాయి తికమకపడి, తెలుగు వచ్చినవాళ్ళెవరైనా ఉన్నారా అని పిలిచింది. పక్క వరసలో నేనున్నాను.

"పిన్నీ, చుట్ట కాలుత్తావు కదా, చెప్పలేదేటి?" అన్నాను.

"కాల్చనేటి బాబూ, సిన్నప్పుటి కాణ్ణించీ కాలుత్తన్నాను. ఆయమ్మ అది అడగనేదు కదా" అంది పిన్ని.

నిప్పు లోపలికి పెట్టుకుంటుందని చెబితే డాక్టరమ్మ నమ్మలేదు. పిన్ని వేలితో చేసి చూపించింది. అప్పుడు ఆ అమ్మాయి మొహం మారిపోయింది. ఇది ఇంకా ముదిరి ఉండకపోవచ్చు, కాని ముదిరితే క్యాన్సర్, చుట్ట ఇవాళే మానాలి, కొన్నాళ్ళాగి ఆసుపత్రికి రావాలి, తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి అని నాతో చెప్పించింది. పిన్ని అన్నిటికీ తలూపింది. బయటికి రాగానే క్యాంటీన్ వెనక నిలబడి చుట్ట వెలిగించింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఇప్పుడే కదా పిన్నీ చెప్పింది!"

"ఊరుకో బాబూ. సిగరెట్టులో కంపినీవోడు మందులు కలుపుతాడు, అది సెడ్డది. ఇది నా సేత్తో నాను సుట్టుకున్న ఆకు. ఆకులో ఏటుంటాది? ఆకుంటాది."

ఆకులో ఏముంటుందో కనుక్కుందామని మా సారు దగ్గరికి వెళ్ళాను. సారు మా లేబొరేటరీకి పెద్ద. బెంగాలీ మనిషి, తెలివి మహా పదును, సిగరెట్టు మీద సిగరెట్టు. గేటు లోపల అగ్గిపుల్ల కూడా నిషేధం కాబట్టి గంటకోసారి క్యాంటీన్ వెనక రేకుల షెడ్డుకి నడిచి వచ్చేవాడు. అక్కడ పిన్నీ ఉండేది. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు. కాని ఇద్దరికీ అగ్గిపెట్టె ఒకటే. ఎవరిదగ్గరుంటే వాళ్ళు వెలిగించేవారు.

పిన్ని మాట చెబితే సారు పొగ వదులుతూ నవ్వాడు. "ఆమె చెప్పింది సగం నిజమే. ఎవరూ ఏ మందూ కలపనక్కర్లేదు. ఆకే అన్నీ కలుపుకుని పుట్టింది" అని హిందీలో మొదలుపెట్టాడు. మొదలుపెడితే ఆగడు. ఆకులో చక్కెరా పీచూ ఉంటాయి, అవి కాలితే కళ్ళూ గొంతూ మండించే ఆల్డిహైడ్లు పుడతాయి. మాంసకృత్తులుంటాయి, అవి కాలితే అమోనియా, సైనైడ్ వాయువు. మొక్క నేలలోంచీ ఎరువులోంచీ నైట్రేటు పీల్చుకుంటుంది. ఆకు ఆరబెట్టి మగ్గబెట్టేటప్పుడే అది మారి నికోటిన్ జాతి పదార్థాలతో కలిసి నైట్రోసమైన్లవుతుంది, అంటే నిప్పు పెట్టకముందే విషం తయారు. ఆకు మీది మైనం, లోపలి పీచూ గాలి చాలక మగ్గితే తారు. "మన పొయ్యిల్లో బొగ్గుకి ఏమవుతుందో చుట్టలో ఆకుకీ అదే అవుతుంది. నికోటిన్ చేసే పనల్లా మనిషిని మళ్ళీ మళ్ళీ పొయ్యి దగ్గరికి రప్పించడం" అన్నాడు. అని, ఇంకో సిగరెట్టు తీసి పిన్నిని అగ్గిపెట్టె అడిగాడు.

ఇదంతా నేను వెళ్ళి పిన్నికి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, "ఏటి బాబూ, హరికథా?" అంది.

చెబితే వినని మనిషి చూపిస్తే నమ్ముతుందని నా ఆశ. లేబొరేటరీలో ఆరితేరినవాళ్ళకి ఉండే జబ్బే అది, మీకూ వస్తుంది చూడండి. సారుని అడిగితే సై అన్నాడు. పొయ్యిల మీద పనివాళ్ళ చొక్కాకి తగిలించే చిన్న గాలిపంపు మా దగ్గర ఉండేది. అది వాళ్ళు పీల్చే గాలిని తెల్లటి వడపోత కాగితంలోంచి లాగుతుంది. ఆ పంపునే రేకుల షెడ్డుకి తెచ్చి, గాజుగొట్టం తగిలించి, పిన్ని చుట్ట అందులో పెట్టి వెలిగించాం. కాగితం పసుపుపచ్చన తిరిగింది, గోధుమరంగయింది, చివరికి నల్లగా జిగటగా తయారైంది. ఇంకో కాగితం మీద సారు తన సిగరెట్టే కాల్చి చూపించాడు. ఫిల్టరుదే, అయినా కాగితం రంగు తిరిగింది. పిన్నిని లేబొరేటరీకి తీసుకెళ్ళి, ఆ రెండింటి పక్కన పొయ్యిల మీంచి వచ్చిన కాగితం పెట్టి, కిటికీలు మూసి, అల్ట్రావయొలెట్ దీపం వేశాం. తారులో కొన్ని పదార్థాలు ఆ దీపం కింద నీలంగా మెరుస్తాయి. మూడు కాగితాలూ మెరిశాయి.

"చూశావా పిన్నీ! ఇది పొయ్యిలది, ఇది సారు సిగరెట్టుది, ఇది నీ చుట్టది. మూడింట్లోనూ తారే!" అన్నాను గొప్పగా.

పిన్ని తన చుట్ట కాగితాన్ని వేలితో రాసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఆవిడ మొహం ఒక్కసారి వెలిగిపోయింది.

"ఓలమ్మో, తారే! నిజిమే బాబూ, తారు వోసన! అందుకా మరి!"

"ఏటి అందుకు?"

"మా అయ్య పడవ కట్టి అడుగున తారు పూసీవోడు. ఎందుకు? పురుగు పట్టకుండా, కుళ్ళిపోకుండా. నా ఈడోళ్ళకి పళ్ళన్నీ రాలిపోయినాయి. నా పళ్ళు సూడు!" అని ఈ చివర నుంచి ఆ చివరకి పళ్ళు బయటపెట్టింది. "సుట్టలోన తారుందని మా అయ్యకి కూడా తెలీదు. నువ్వు సల్లగుండాల బాబూ, ఇంత సదువు సదివి మంచి మాట సెప్పినావు!"

సారు ఏమంటోందని అడిగాడు. చెప్పాను. ఆయన తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

అక్కడితో ఆగితే బాగుండును. ఆ ఆదివారం సీతారాండేరాలో పెళ్ళి భోజనానికి వెళితే, ముక్కూమొహం తెలియని ముసలమ్మలిద్దరు నా దగ్గరికొచ్చారు. "సుట్ట పళ్ళకి మంచిదని మిషీన్లో సూపించిన బాబు నువ్వేనటగదా" అని ఒకావిడ నా గడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది. మా ఆవిడ పక్కనే ఉంది. "తారు దొరా, బాగానే ఉద్ధరించావు లోకాన్ని" అంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయినట్టయింది నా పని.

నవ్వుతున్నాను గాని, అప్పుడు నవ్వు రాలేదు. పిన్నికి నోరు మంట మొదలైంది. కారం తినలేకపోయేది. క్యాంటీన్లో అందరికీ కూరలు వండి, తను మాత్రం చద్దన్నంలో నీళ్ళు పోసుకుని మింగేది. అడిగితే, ఈ ఏడు మిరపకాయలు మంచివి కావు అనేది. ఆసుపత్రికి వెళ్ళాల్సిన రోజు రానే వచ్చింది. డాక్టరమ్మ గుర్తుపెట్టుకుని మా లేబొరేటరీకి ఫోన్ చేయించింది, ఆవిడ ఇంకా రాలేదేమని. నేను క్యాంటీన్‌కి పరుగెత్తాను.

పిన్ని రేకుల షెడ్డులో గట్టు మీద కూర్చుని ఉంది. చేతిలో చుట్ట, ఇంకా వెలిగించలేదు. పక్కన సారు, పెదాల మధ్య సిగరెట్టు. అగ్గిపెట్టె ఇద్దరి మధ్యా గట్టు మీద ఉంది.

"లే పిన్నీ, ఆసుపత్రికి ఎల్దాం. డాక్టరమ్మ కూకుని ఉంది."

"నానెందుకు? నా నోట్లో తారుంది, దానికేటీ పట్టదు."

"మంటెందుకొత్తంది మరి?"

"ఒచ్చింది, పోతాది. అయినా బాబూ, ఒక మాటడుగుతాను సెప్పు. ఆ పొగలో ఏటేటి ఇసాలున్నాయో సారుకి నీకన్నా బాగా తెలుసు గదా? అన్నీ తెలిసినోడే కాలుత్తన్నాడు. తెలీనిదాన్ని, నానెందుకు మానీయాల?"

జవాబు లేనప్పుడు మనిషికి కోపం వస్తుంది, నాకైతే మరీను. ఆవిడ చేతిలో చుట్ట లాక్కుని గట్టిగా అరిచేశాను. "తారు తారు అని ఊరంతా సాటింపేత్తన్నావు! మీ అయ్య తారు దేనికి పూసీవోడు? కోసీసిన కర్రకి. సచ్చిపోయిన కర్రకి! బతికున్న సెట్టుకి తారు పూసీవోణ్ణి ఎక్కడైనా సూసినావా నువ్వు?"

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నోట్లోంచి ఊడిపడింది. పిన్ని నా వంక కాదు, ఎటో చూస్తోంది. నెమ్మదిగా అంది.

"పూయరు. పూత్తే సెట్టు సచ్చిపోద్ది." అంతటితో ఆగక, "పురుగొక్కటే కాదు బాబూ, తారు పూసిన సెక్క మీద నాచు కూడా మొలవదు. ఏదీ బతకదు దానిమీద" అంది.

అని నాలుకతో అంగిలి తడుముకుంది. ఆవిడ భయపడటం నేను చూడటం అదే మొదటిసారి. నా అరుపుకి నాకే సిగ్గేసింది. పక్కన కూర్చోబోయేసరికి ఆవిడ చటుక్కున సారువైపు తిరిగింది.

"మరి సారూ? తవరు బతికున్న సెట్టా, సచ్చిన కర్రా?"

తెలుగులోనే అడిగింది. సారు నావైపు చూశాడు. "క్యా బోల్ రహీ హై?"

పిల్లలూ, నా సర్వీసులో అతి కష్టమైన పని ఏదంటే ఇదే. ఏమీ లేదు సార్ అని దాటేయవచ్చు. ఆయన నా పై అధికారి, నా ప్రమోషను ఆయన చేతిలో ఉంది. దాటేస్తే పిన్ని మళ్ళీ చుట్ట అందుకుంటుందని కూడా తెలుసు. మాట మార్చకుండా హిందీలో చెప్పేశాను. పడవ సంగతీ, తారు సంగతీ, చెట్టు సంగతీ, చివర్లో ఆవిడ వేసిన ప్రశ్నతో సహా.

ఆల్డిహైడ్ల గురించి గంట చెప్పగల మనిషి పెదాల మధ్య సిగరెట్టు తీసి పెట్టెలో పెట్టాడు. గట్టు మీది అగ్గిపెట్టె తీసి పిన్ని చేతిలో పెట్టి, గుప్పిట మూశాడు. "చలియే, గాడీ మే బైఠియే" అన్నాడు. తన కారులో, ముందు సీట్లో కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. నేను వెనకాల కూర్చున్నాను. దారిపొడుగునా పిన్ని ఆ అగ్గిపెట్టె వదల్లేదు.

డాక్టరమ్మ చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. రోజూ ఎవరెవరికో ఫలితాలు రాసి పంపే లేబొరేటరీ మాది. ఒక ఫలితం కోసం ఎదురుచూడటం ఎలా ఉంటుందో మాకప్పుడు తెలిసింది. ఫోన్ మోగితే చాలు, అందరూ చేతిలో పని ఆపేసేవారు. ఫలితం సారే అందుకున్నాడు. ఇంకా క్యాన్సర్‌గా మారలేదు, చుట్ట మానితే వెనక్కి తగ్గే అవకాశం ఉందన్నారు. సారు ఫోన్ పెట్టేసి కళ్ళజోడు తుడుచుకున్నాడు. నేను క్యాంటీన్‌కి పరుగెత్తి చెబితే పిన్ని ఏడ్చింది, నేనూ ఏడ్చాను. టీ పొంగి పొయ్యి ఆరిపోయింది.

మానడం మాత్రం మాటలు కాదు. ఇద్దరికీ ఒకేసారి చిరాకు పట్టుకుంది. పిన్ని టీలో చక్కెర మరిచిపోయేది, సారు ఆ టీ తాగి మామీద విరుచుకుపడేవాడు. మధ్యలో మేం నలిగిపోయాం. ఇద్దరూ సోంపు నమిలేవారు, ఒకటే పొట్లం. సారు ఒకటి రెండుసార్లు దొంగచాటుగా జారాడు. పిన్ని ముక్కు మా పరికరాలన్నింటికన్నా సున్నితం. వాసన తగిలిన రోజున కప్పు వెనక్కి లాక్కుని, "సచ్చిన కర్రకి టీ ఎందుకు" అనేది. ఆ ఒక్క తెలుగు ముక్కా సారుకి బాగా అర్థమయ్యేది. తలదించుకుని వెళ్ళిపోయేవాడు. ఆయన పూర్తిగా మానడానికి పిన్నికన్నా చాలా ఎక్కువ కాలం పట్టింది.

పిన్ని అంగిలి మెల్లమెల్లగా ఎరుపెక్కి, నెర్రెలు పూడుకుని, మామూలు రంగుకి వచ్చింది. డాక్టరమ్మ ఫోన్లో ఫోటో తీసి చూపిస్తే, "నా నోరు నానెప్పుడూ సూసుకోనేదు, ఎంత సక్కగుందో" అని మురిసిపోయింది. తన నోటితో వేసిన చాటింపు తనే వెనక్కి తీసుకుంది కూడా. ఇల్లిల్లూ తిరిగి, తారు పూసేది సచ్చిన కర్రకే అని చెప్పింది. విన్నవాళ్ళు విన్నారు, లేనివాళ్ళు లేదు. నా గడ్డం పట్టుకున్న ముసలమ్మ మాత్రం, ఈసారి ఎదురుపడితే మొహం తిప్పుకుంది.

లేదు అన్న జవాబు విని కూడా టార్చి వేసి చూసిన ఆ డాక్టరమ్మకి నేను రుణపడి ఉన్నాను. తన సిగరెట్టునే పరీక్షకి పెట్టిన సారుకీ, నేను తెలివైనవాణ్ణనుకున్నప్పుడు నా ప్రయోగాన్ని బోర్లా తిప్పి చూపించిన పిన్నికీ కూడా. మీరు పెద్ద యంత్రాల దగ్గర పనిచేస్తారు, మంచిదే. మీ కాగితం చూసేవాళ్ళ కళ్ళకి అందులో ఏం కనబడుతోందో ఒకసారి అడిగి తెలుసుకోండి, అంతకన్నా చెప్పేంత గొప్పవాణ్ణి కాను.

సారు రిటైరైన రోజు లేబొరేటరీలో చిన్న సభ పెట్టాం. పూలదండలు, శాలువా, ఎప్పుడూ ఉండే ఉపన్యాసాలు. సారు లేచి బెంగాలీ కలిసిన హిందీలో అందరికీ ధన్యవాదాలు చెప్పాడు. చివర్లో జేబులోంచి చిన్న చీటీ తీశాడు. అప్పుడర్థమైంది, వారం రోజులుగా నన్ను ఒక్కో తెలుగు ముక్కే ఎందుకు అడుగుతున్నాడో. తలుపు దగ్గర టీ కెటిలూ కప్పులూ పట్టుకుని నిలబడ్డ పిన్ని వంక తిరిగి, వత్తి వత్తి పలుకుతూ చదివాడు.

"పిన్నీ. నేను. బొతికున్న. చెట్టు."

గదంతా గొల్లున నవ్వింది. పిన్ని నవ్వలేదు. జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి, ఆయన చేతిలో కప్పు పెట్టి, అంచుదాకా టీ పోసింది.

"తాగండి సారూ," అంది. "సెట్టుకి నీరొద్దేటి?"